ఇసుకరంగు పందిరి

మీరే చేశారు ఇది. గాలి చేసిందనీ, వాన చేసిందనీ, పాత బండి కాబట్టి అలాగే అవుతుందనీ బుకాయించకండి. అందాల కమిటీ అని పేరు పెట్టుకుని, గోల్ఫు బండెక్కి ఊరేగుతూ, ఎవరి గుమ్మం ముందు పూలకుండీ ఎంత ఎత్తుండాలో తీర్పులు చెప్పే పెద్దమనుషులారా, కుప్కా వాళ్ల ఇంటి నేలని కుళ్లబెట్టింది మీరు. ఫీనిక్సులో ఏసీ గదిలో కూర్చుని ఆ కమిటీకి తలూపిన పార్కు కంపెనీ దొరల్లారా, మీరూ. కాఫీ కప్పులు పట్టుకుని వినోదం చూడ్డానికి వచ్చినవాళ్లకీ ఇందులో వాటా ఉంది. ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే జరిగింది మొత్తం చెప్పాలి. వినండి.

అరిజోనాలో యూమా ఊరికి అవతల, ఎడారి అంచున ఉంది మెస్కీట్ ఫ్లాట్స్ పార్కు, బండి-ఇళ్లు అద్దెకి నిలుపుకునే చోటు. చలి మొదలవగానే మిన్నెసోటా నుంచీ, డకోటాల నుంచీ, కెనడా నుంచీ పెద్ద పెద్ద బండి-ఇళ్లు తోలుకుని మంచుపక్షులు దిగుతాయి, అంటే చలి తప్పించుకోవడానికొచ్చే రిటైరైనవాళ్లు. ఏప్రిల్ రాగానే లేచిపోతాయి. ఆ తర్వాత ఇనప మెట్టు మీద కాలు పెడితే చర్మం అంటుకుపోయే వేసవిలో ఇక్కడ మిగిలేది, పోవడానికి ఇంకో చోటు లేనివాళ్లే. వెర్నా, ఓరిన్ కుప్కా దంపతులు అలా మిగిలినవాళ్లు. వెర్నా పార్కు స్నానాల గదులు కడుగుతుంది, ఆ పనికి బదులుగా చివరి వరసలో మూల సైటు వాళ్లకిచ్చారు. ఓరిన్ ఒకప్పుడు సిమెంటు ట్యాంకరు తోలేవాడు. ఆ పొడి అతని ఊపిరితిత్తుల్లోనే కాపురం పెట్టింది. ఇప్పుడు ముక్కులో గొట్టం, మంచం పక్కన బుసబుసలాడే ఆక్సిజన్ యంత్రం. కరెంటు పోతే ఆయనా పోతాడు. ఇంత సూటిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ సైటు అంటే వాళ్లకి నీడా కాదు, చిరునామా కాదు, ఆ కరెంటు ప్లగ్గు.

ఈ దేశంలో ఏ పార్కు గేటు దగ్గర ఆగినా మొదటి ప్రశ్న ఒక్కటే: బండి వయసెంత? పదేళ్లు దాటిందా, వెనక్కి తిప్పుకో. కుప్కాల ట్రైలరు వయసు దానికి రెట్టింపు. దాన్ని లాగే ట్రక్కు ఎప్పుడో అమ్ముకున్నారు. ముందునుంచీ పాతుకుపోయినవాళ్లని పార్కు కదపదు, రూలు తప్పనంతవరకు. రూలు తప్పారా, బయటికే. బయట ఇంకో గేటు వాళ్లకి తెరుచుకోదు. ఇది వెర్నాకి తెలుసు. కమిటీకి ఇంకా బాగా తెలుసు.

ఆ ట్రైలరుకి ఒక పక్కన, బీరువా సొరుగులాగా బయటికి జరిగే గది ఉంది. మీట నొక్కితే గోడతో సహా బయటికొస్తుంది, ఇంకోవైపు నొక్కితే లోపలికి పోతుంది. స్లైడ్ అంటారు దాన్ని. బయటికొచ్చిన ఆ గది నెత్తి మీద ఒక గుడ్డ పందిరి. గది బయటికొస్తుంటే అదీ పరుచుకుంటుంది, గది లోపలికి పోతుంటే రోలరులో ఉన్న స్ప్రింగు లాగి చుట్టేసుకుంటుంది. చూడ్డానికి ఏముంది, గుడ్డ ముక్క. అది చిరిగితే తెలుస్తుంది దాని విలువ. వాన నీళ్లు గది నెత్తిన నిలబడతాయి, సందులు వెతుక్కుంటాయి, గోడ లోపల్నించి జారి నేల చెక్కలోకి దిగుతాయి. చెక్క అంటే టేకు చెక్క అనుకునేరు. పొట్టుకి జిగురు కలిపి ఒత్తిన అట్ట. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే రాలుతుంది.

కుప్కాల పందిరి రెండేళ్ల కిందట వేసవి గాలివానకి నిలువునా చిరిగింది. ఓరిన్ ఆయాసపడుతూనే నిచ్చెనెక్కి దాని మీద నీలం టార్పాలిన్ పట్టా కప్పి, తాళ్లు బిగించాడు. చుక్క నీరు దిగలేదు. అక్టోబరులో మంచుపక్షులు వచ్చాయి. వచ్చిన మూడోనాడు గేలీన్ స్ట్రోథర్ గోల్ఫు బండి వాళ్ల గుమ్మం ముందు ఆగింది. అందాల కమిటీకి పెద్ద ఆవిడే.

"వెర్నా, బంగారం," అంది గేలీన్, బండి దిగకుండానే. "నెత్తిన ఆ నీలం ఏంటమ్మా? వరద బాధితుల శిబిరం అనుకుంటారు చూసినవాళ్లు."

"పైన పందిరి చిరిగిందండీ. పట్టా లేకపోతే వాన లోపలికి దిగుతుంది."

"వానా? ఇక్కడా? ఇన్నేళ్ల నుంచి వస్తున్నాను, ఒక్క చినుకు చూడలేదు నేను."

"జూలైలో రండి, చూపిస్తాం," అన్నాడు ఓరిన్ లోపల్నించి. "స్నానం కూడా చేసి పోదురుగాని."

గేలీన్ పకపకా నవ్వింది. "మీ ఆయనకెంత హాస్యమో! రేపటికల్లా ఆ పట్టా తీసేయమను. పొద్దున్నే కాఫీ తాగుతూ అటు చూస్తే నాకు తలనొప్పి."

మర్నాడు కమిటీ కూర్చుని రూలు రాసింది. పార్కులో ఏ పైకప్పు మీదా పట్టాలు ఉండకూడదు. అంతే. పట్టా దిగిపోయింది, ఆవిడ తలనొప్పికి మందు దొరికింది. ఆ చలికాలం ఓరిన్ ఆస్పత్రిలో పడ్డాడు, పందిరి మాట ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత రెండు వేసవులు వానలు చిరిగిన గుడ్డలోంచి తిన్నగా గదిలోకి దిగాయి. వెర్నా గిన్నెలు పెట్టింది, పాత తువ్వాళ్లు కుక్కింది. సోఫా ముందు నేల మెత్తబడింది. ఇద్దరూ ఆ చోట కాలు పెట్టడం మానేసి, చుట్టూ తిరిగి నడవడం అలవాటు చేసుకున్నారు. ఆ సంగతి మాట్లాడుకోలేదు.

ఈ ఏడు కమిటీ కొత్త హుకుం తెచ్చింది. స్లైడ్ ఉన్న ప్రతి బండికీ చిరుగు లేని పందిరి ఉండాలి, కమిటీ ఒప్పుకున్న రంగులోనే ఉండాలి. తనిఖీలో తప్పినవాళ్లు సైటు ఖాళీ చేయాలి. పట్టా కప్పనివ్వనిదీ వాళ్లే, కప్పు బాగాలేదని గెంటేస్తామన్నదీ వాళ్లే. ఒకడి గొడుగు లాక్కుని, తడిసి వచ్చావేంరా అని చెంపదెబ్బ కొట్టినట్టు.

"కొందాం," అంది వెర్నా. ఉన్నదంతా ఊడ్చి కొందామనే దాని అర్థం.

పక్క సైటు హౌగెన్ రంగంలోకి దిగాడు. మిన్నెసోటాలో స్కూలు బస్సుల మెకానిక్కుగా చేసి దిగిపోయినవాడు. ఎవరింట్లో రెంచి పడ్డ చప్పుడైనా పరిగెత్తుకొచ్చే రకం. పనిమీద ప్రేమే. నోటికి మాత్రం మూత లేదు.

"రెండు రకాలు," అన్నాడు హౌగెన్, వాళ్ల మెట్టు మీద చతికిలబడి. "ప్లాస్టిక్ పూతది నీటిచుక్క దిగనివ్వదు. కానీ ఇక్కడి ఎండకి బిస్కట్టయి విరిగిపోతుంది. నేసిన గుడ్డది చాన్నాళ్లు ఉంటుంది, ఊపిరి పీల్చుకుంటుంది, తొందరగా ఆరిపోతుంది. నీళ్లు నిలవ ఉంటే మాత్రం కాస్త చెమ్మ దిగుతుంది."

"ఊపిరి పీల్చుకునేదే తీసుకోండి," అన్నాడు ఓరిన్. "ఈ ఇంట్లో ఒక్కటన్నా సరిగ్గా పీల్చుకోవాలి."

"నోర్ముయ్," అంది వెర్నా, నవ్వు ఆపుకోలేక.

కొలత దగ్గర గొడవయింది. ఓరిన్ రోలరు గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా టేపు పెట్టమంటాడు. హౌగెన్ తల కొట్టుకున్నాడు.

"ఒరే ఓరిన్, గొట్టాన్ని కొలుస్తావేంట్రా? గుడ్డని కొలవాలి. గొట్టం కంటే గుడ్డ పొట్టిగా ఉంటుంది. గొట్టం కొలత చెప్తే, వచ్చిన గుడ్డ రెండు కొసల్లో ఇరుక్కుని ముడుచుకుపోతుంది. జన్మంతా టేపు పట్టకుండానే గడిపావా?"

"నేను సిమెంటు మోశాను. దానికి టేపు అక్కర్లేదు."

రంగు మీద వెర్నాకో కోరిక ఉంది. ఆకుపచ్చ. ఇక్కడ ఆకుపచ్చ అన్నది కూరగాయల మార్కెట్లో పాలకూర కట్టల మీద తప్ప కనపడదు, కనీసం తన నెత్తి మీదన్నా ఉండాలని. గేలీన్ దగ్గరికెళ్లి అడిగింది. గేలీన్ మూడు గుడ్డ ముక్కలు బల్ల మీద పరిచింది.

"ఇసుక. బాదం. ఓట్స్ పిండి. ఈ మూడింట్లో నీ ఇష్టం."

వెర్నా వాటిని వెలుగులో పెట్టి చూసింది. "మూడూ ఒకటే కదండీ?"

"అయ్యో, బంగారం," అంది గేలీన్ జాలిగా. "కంటికి అలవాటుండాలి."

వెర్నా ఇసుక తీసుకుంది. చుట్టూ ఉన్నది అదే కదా.

గుడ్డ వచ్చాక, గాలి లేవకముందే పొద్దున్నే పని మొదలెట్టారు. గది చెరో కొసనా రెండు నిచ్చెనలు. ఒకదాని మీద హౌగెన్, ఇంకోదాని మీద వెర్నా. ఓరిన్ కింద మడత కుర్చీలో కూర్చుని, పొడుగాటి ఆక్సిజన్ గొట్టం ఒళ్లో చుట్టుకుని, ఎవరూ అడగని సలహాలిస్తున్నాడు.

"ముందు పిన్ను," అన్నాడు హౌగెన్. "లోపల స్ప్రింగు ముడుచుకుని కాచుక్కూర్చుంది. ఆ బెజ్జంలో పిన్ను గుచ్చకుండా మరలు విప్పావో, గొట్టం గిర్రున తిరిగి నీ మణికట్టు పట్టుకుపోతుంది."

వెర్నా పిన్ను గుచ్చింది. మరలు విప్పారు. పాత గుడ్డని గోడకున్న గాడిలోంచి పక్కకి లాగితే, ముక్కలు ముక్కలుగా, అప్పడాల్లా రాలింది. హౌగెన్ ఆ గాడిలో పేరుకున్న ఇసుకంతా గీకి, జారుడు మందు కొట్టాడు. కొత్త గుడ్డ అంచున కుట్టిన తాడుని గాడి కొసలో దూర్చి, ఆయన లాగుతుంటే వెర్నా తోసింది. అంగుళం అంగుళం. మధ్యలో ఒకచోట పట్టేసింది.

"తిట్టు," అన్నాడు ఓరిన్ కిందనుంచి. "తిడితే జారుతుంది."

"నిన్నా, గుడ్డనా?"

"ఎవర్నయినా ఒకటే. నోరు ఊరుకోకూడదు."

తిట్టింది. జారింది. రెండో అంచుని రోలరు గాడిలోకి ఎక్కించి చుట్టారు, కొక్కేలు గది ముఖానికి బిగించారు, మర బెజ్జాలన్నిటికీ జిగురు పూశారు. చివర్న హౌగెన్ స్ప్రింగుని తిప్పి బిగువెక్కించి, పిన్ను తీశాడు. గుడ్డ సర్రున లాక్కుని బల్లపరుపుగా నిలిచింది. వెర్నా చేత్తో చరిస్తే డప్పులా మోగింది. ఆమె నిచ్చెన మీదే ఉండి ఇంకోసారి చరిచింది, ఊరికే, ఆ చప్పుడు కోసం. రెండేళ్లలో తన చేత్తో ఒక పని పూర్తయి, అది చెడకుండా నిలబడ్డం అదే మొదలు.

"సరే, ఇప్పుడు ఒకసారి గది లోపలికి లాగి చూద్దాం," అన్నాడు హౌగెన్. "సరిగ్గా చుట్టుకుంటుందో లేదో."

వెర్నా వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది ఆయన్ని. "ఏం లాగుతావు? అది మా హాలు."

ఇక్కడే ఉంది తప్పంతా. చక్రాల మీద బతికేవాళ్లు మాత్రమే చేయగల తప్పు. ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడిపోతే, ఆ గది సొరుగన్న సంగతి మర్చిపోతారు. సొరుగు అతుకు మీదుగా నేలకి లినోలియం చాప పరుస్తారు. సోఫా వెనక అల్మారా కొట్టి మేకులు దిగేస్తారు. పటాలు తగిలిస్తారు. కుప్కాలు పందిరి రకం చూశారు, రంగు చూశారు, కొలత మీద కొట్టుకున్నారు. గది మళ్లీ ఒకసారి కదలాల్సి వస్తుందని మాత్రం ఒక్కళ్లకీ తట్టలేదు. తిరగని చక్రాలున్నవాడికి తన ఇంటికి చక్రాలున్నాయని ఎందుకు గుర్తుంటుంది?

హౌగెన్ మంచినీళ్లకని లోపలికొచ్చాడు. సోఫా వైపు రెండడుగులు వేశాడు. నేల కిందికి దిగి పైకి లేచింది.

"ఇదేంటి! ట్రాంపొలినా?"

ఓరిన్, వెర్నా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవరికీ చెప్పకు హౌగెన్," అంది వెర్నా.

"ఎవరికి చెప్తాను, పిచ్చిదానా," అన్నాడు హౌగెన్. ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే అనుకున్నాడు.

తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం వెర్నా క్లబ్బు హాలు పక్కన ఆడవాళ్ల స్నానాల గది కడుగుతోంది. తలుపు తీసే ఉంది. హాల్లో పేకాట. హౌగెన్ గొంతు, ఆయన గెలుస్తున్నప్పుడు వచ్చే గొంతు.

"... పందిరి అయితే అదిరిపోయింది. కానీ ఆ హాల్లో నడుస్తుంటే, మార్చి నెలలో మా ఊరి చెరువు మంచు మీద నడిచినట్టే ఉంది. ఇంకో అడుగు వేస్తే చేపల్తో కాపురమే!"

బల్ల చుట్టూ నవ్వులు. వెర్నా చేతిలో తుడుపు కర్ర ఆగిపోయింది.

"ఏ పక్క?" అని అడిగింది గేలీన్. ఆవిడొక్కతే నవ్వలేదు.

"స్లైడ్ పక్కనే. సోఫా ముందు."

"ఊఁ," అంది గేలీన్. "ముక్కలు పంచు."

గేలీన్ చెల్లెలు మూల సైటు కోసం ఎదురుచూస్తోందని పార్కులో తెలియనివాడు లేడు. వెర్నా తుడుపు కర్ర బకెట్లో పెట్టి, బకెట్టు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది.

ఆ సాయంత్రం ఇద్దరూ అల్మారా మేకులు పీకారు. అతుకు వెంబడి లినోలియాన్ని కత్తితో కోశారు. కింద చెక్క నల్లగా, తడిసిన రొట్టెలా ఉంది. ఓరిన్ స్క్రూడ్రైవరు గుచ్చాడు, పిడి దాకా దిగింది. ఆయన దాన్ని బయటికి లాగి, పంట్లాముకి తుడుచుకుని, జేబులో పెట్టుకున్నాడు.

"చెక్క ముక్కొకటి వేద్దాం పైన," అన్నాడు.

"ఆగుతుందా?"

"రేపటి దాకా ఆగితే చాలు."

తనిఖీ పొద్దున గోల్ఫు బండి రిబ్బను కట్టుకుని వచ్చింది. వెనకే కాఫీ కప్పులతో జనం, తిరనాళ్లకి వచ్చినట్టు. ఒక్కో బండి ముందు ఆగడం, పైకి చూడడం, "అందంగా ఉంది" అనడం, ముందుకు పోవడం. ఒక్క బండి దగ్గరా స్లైడ్ లోపలికి లాగమనలేదు. వెర్నా లెక్క చూసుకుంటూనే ఉంది. కుప్కాల సైటు దగ్గర గేలీన్ బండి దిగింది. మొదటిసారి.

పందిరి కొసని వేళ్లతో తడిమింది. "అచ్చం ఇసుక. శభాష్. ఇప్పుడు లోపలికి లాగండి."

"మిగతావాళ్లని లాగమనలేదు కదండీ?"

"మిగతావాళ్లవి కొత్త బండ్లమ్మా."

"మీ రూలులో గుడ్డ ఉండాలనే ఉంది. గుడ్డ ఉంది."

"చుట్టుకోని పందిరి పందిరెలా అవుతుంది? ఉత్త గుడ్డే." గేలీన్ గొంతు తేనెలా ఉంది. "లాగకపోతే పని చేయట్లేదని రాసుకుంటాను. నీ ఇష్టం, బంగారం. నేనేం బలవంతం చేయట్లేదు."

వెర్నా గుంపులోకి చూసింది. హౌగెన్ ఉన్నాడు. రెండు చేతులూ జేబుల్లో. బూట్ల కొసలు చూసుకుంటున్నాడు.

"హౌగెన్, నువ్వు చెప్పు. నువ్వే కదా బిగించావు. చుట్టుకుంటుందని చెప్పు."

"చుట్టుకుంటుంది," అని గొణిగాడు హౌగెన్. "చుట్టుకోవాలి మరి."

"చూపించేస్తే పోలా?" అన్నారెవరో వెనకనుంచి. "కాఫీ చల్లారిపోతోంది."

వెర్నా మెట్టెక్కబోయింది. గుమ్మంలో ఓరిన్ అడ్డంగా నిలబడ్డాడు, ముక్కులో గొట్టంతో, గడ్డం గీసుకుని, చారల చొక్కా తొడుక్కుని.

"నేను నొక్కుతాను. నువ్వు బయటుండి గుడ్డ చూడు."

"నువ్వు వద్దు. నేనే..."

"నీకంటే నేనే తేలిక ఇప్పుడు," అన్నాడు. "ఏడేళ్ల నుంచి తగ్గాలని చూస్తున్నావు, నేను ఊరికే తగ్గిపోయాను." మీట ఉన్నది ఆ మెత్తటి నేల పక్కనే. లోపలికి పోయాడు.

మోటారు మూలిగింది. ఏళ్లు కదలని గది, దుమ్ము రాలుస్తూ, లోపలికి జరగడం మొదలెట్టింది. నెత్తిన రోలరు తిరిగింది. గుడ్డ ఎక్కడా ముడత లేకుండా, కొసలు సమంగా, తడబడకుండా చుట్టుకుంటోంది. ఎంత అందంగా చుట్టుకుందో! వెర్నా కళ్లప్పగించి చూసింది. జనం చప్పట్లు కొట్టారు. అవును, చప్పట్లే. హౌగెన్ జేబుల్లోంచి చేతులు తీసి మరీ కొట్టాడు, తన పనికి.

అప్పుడు లోపల ఫెళ్లుమంది.

గది ముందు అంచు కుళ్లిన నేలని చీల్చుకుని దిగబడింది. వెనక అంచు పైకి లేచింది. కొక్కెం ఊడింది, స్ప్రింగు పట్టు తప్పిన రోలరు గిర్రున తిరుగుతూ ఎగిరొచ్చి గోల్ఫు బండి మీద పడింది. ఇసుకరంగు గుడ్డ దాని మీద పరుచుకుంది, శవం మీద కప్పినట్టు.

"నా బండి!" అని కేక పెట్టింది గేలీన్.

ఆ పొద్దున ఆవిడ నోట వచ్చిన మొదటి నిజమైన మాట అదే. రాసుకోండి.

వెర్నా లోపలికి దూకింది. మోటారు ఇంకా మూలుగుతూనే ఉంది. ఓరిన్ తొడ దాకా నేలలోకి దిగబడి, సోఫాకీ వంటబల్లకీ మధ్య నలిగి ఉన్నాడు. గొట్టం గది అంచు కింద నొక్కుకుపోయింది. నోరు తెరిచి మూస్తున్నాడు, గట్టు మీద పడేసిన చేపలా. వెర్నా మీట ఆపి, గొట్టాన్ని పళ్లతో పట్టి లాగింది. రాలేదు. ముక్కు దగ్గర విప్పేసి, మూలనున్న చిన్న సిలిండరు అందుకుని దాని గొట్టం పెట్టింది.

"గుడ్డ... చుట్టుకుందా?" అన్నాడు ఓరిన్, ఊపిరి అందగానే.

"చుట్టుకుంది. నువ్వు మాట్లాడకు."

"హౌగెన్! ఎవరైనా రండి!" అని అరిచింది. అంతమంది బయట ఉన్నారు. నేల బాగాలేదు, లోపలికి పోవడం క్షేమం కాదని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటున్నారు. నేల బాగాలేదని ఇప్పుడు అందరికీ తెలుసు. చివరికి అంబులెన్సు వాళ్లొచ్చి తీశారు ఆయన్ని. తుంటి విరిగింది. స్ట్రెచరు మెట్లు దిగుతుంటేనే ఆఫీసు మనిషి వచ్చి, వాళ్ల తలుపు మీద ఖాళీ చేయమనే ఎర్ర కాగితం అంటించాడు. స్ట్రెచరు వెళ్లేదాకా కూడా ఆగలేదు. దారిచ్చి, పక్కనుంచే చెయ్యి చాపి అంటించాడు.

ఆస్పత్రిలో నర్సు మంచిదే. మంచిగానే చెప్పింది. మనిషి బతుకుతాడు. కానీ ఇంటికి పంపాలంటే ఇల్లుండాలి, యంత్రానికి కరెంటుండాలి, మంచం నిలబడే నేల ఉండాలి. లేకపోతే దిక్కులేనివాళ్లని పెట్టే ప్రభుత్వ నర్సింగ్ హోముకి పంపేస్తారు. అది ఇంకో జిల్లాలో. అక్కడ భార్యలకి చోటుండదు.

"మీకు ఇల్లుందా, అమ్మా?" అని అడిగింది నర్సు.

వెర్నా జవాబు చెప్పేలోపే ఫోను మోగింది. పార్కు ఆఫీసు. సైటు రేపే ఖాళీ చేయాలట. గది లోపలికి పోదు కాబట్టి ట్రైలరుని అలాగే లాక్కుపోవడం కుదరదట. అందుకని కంపెనీ రంపం ఇచ్చి మనిషిని పంపుతోందట. గదిని కోసి పక్కన పడేసి, మిగతాది పాత ఇనుము దొడ్డికి లాక్కుపోతారట.

"సామాన్లేవైనా ఉంటే ముందే తీసుకోండి," అన్నాడు ఫోనులో మనిషి. "ఇబ్బందికి చింతిస్తున్నాం."

మర్నాడు శనివారం. క్లబ్బు హాల్లో పాన్‌కేకుల ఫలహారం. సిరప్పు వాసన, వేపుడు మాంసం వాసన. నిన్నటి బట్టల్తోనే, మోకాళ్ల మీద నల్ల చెక్కపొడితోనే వెర్నా ఆస్పత్రి నుంచి తిన్నగా అక్కడికొచ్చింది. గేలీన్ లేచి ఎదురొచ్చింది, చేతిలో పూల బొమ్మ ఉన్న కార్డు.

"ఎలా ఉన్నాడు, పాపం? రాత్రంతా ప్రార్థన చేశాం. అందరం సంతకాలు పెట్టాం, చూడు."

వెర్నా కార్డు తీసుకోలేదు. "గుంతలో పడ్డప్పుడు చేతులు కావాలి. సంతకాలు ఏం చేసుకోను?"

"నీ బాధ నాకు అర్థమవుతోంది, బంగారం. కానీ రూలంటే..."

"నన్ను బంగారం అనకండి. మీ చెల్లెలికి మూల సైటు కావాలి, అందుకే లాగమన్నారు. మొన్న పేకాట దగ్గర అంతా విన్నాను, పక్క గదిలో మీ దొడ్లే కడుగుతున్నా."

ఎవరో ఫోర్కు కింద పడేశారు. హౌగెన్ ప్లేటు ముందు నుంచి సగం లేచాడు, ముఖం కందగడ్డలా ఉంది.

"నేను నవ్వులాటకి అన్నాను, వెర్నా. నాకేం తెలుసు..."

"నవ్వారుగా. బాగా నవ్వారు. ఇంక చాలు." వెర్నా చేత్తో గేటు వైపు చూపించింది. "రంపంవాడు బయల్దేరాడు. వాడొచ్చి ఆ గది కోశాడంటే ఓరిన్‌ని ఇంకో జిల్లాకి పంపేస్తారు, నేను అక్కడికి పోలేను, ఆయన ఒక్కడే చస్తాడు. నాకు జాలి వద్దు. పాన్‌కేకులు వద్దు. మీలో డీజిలు ట్రక్కు లేనివాడెవడు? తాళాలు తియ్యండి. గేటుకి అడ్డంగా పెట్టండి, ఈ పక్క నుంచి ఆ పక్క దాకా, చీమ దూరకుండా. హౌగెన్, నీ జాకీలు రెండూ తీసుకుని నా బండి కిందికి దూరు. ఆ గదిని ఎత్తు. నువ్వు ఎత్తగలవు, నువ్వు బస్సులెత్తావు. చెక్క ఉన్నవాళ్లు చెక్క తెండి, రంపం ఉన్నవాళ్లు రంపం తెండి, ఈ పొద్దే నేల వేయాలి. గేలీన్ గారూ, మీరు ఆఫీసుకి పోయి, ఎర్ర కాగితం పొరపాటున అంటించామని కంపెనీకి ఫోను చేసి చెప్పండి, మేమంతా వింటుండగా చెప్పండి. రెండేళ్లు మీ కంటికి మేం బాగాలేమని మమ్మల్ని తడిపారు. ఇవాళ మీ చేతులు మురికి చేసుకోండి."

ఎవరూ కదల్లేదు. గేటు అవతల ఎక్కడో పెద్ద బండి గేరు మార్చిన చప్పుడు వినపడింది.

"చూస్తారేంటి? ఆ ప్లేట్లు అక్కడే పెట్టి లేవండి!"